కూరలో అన్నం కలుపుకున్న నెలలు

మొదటి బిడ్డ బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఏలూరులో కొత్త డాక్టరమ్మ అడిగినప్పుడు ఈ సంగతి చెబుతుంటే నా గొంతులో ఎక్కడో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది. మూడేళ్లుగా మా ఇళ్లలో అందరూ ఆ బిడ్డ గురించి అలాగే మాట్లాడుకున్నారు. బొద్దుగా, తెల్లగా, బొమ్మలా ఉన్నాడని, దిష్టి తగిలి పోయాడని. డాక్టరమ్మ రాయడం ఆపి పెన్నుకి మూత పెట్టింది.

"ఎన్నో నెలలో పోయాడు?"

"తొమ్మిది నిండుతుండగానండీ. ఉన్నట్టుండి కదలడం మానేశాడు."

"అప్పుడు షుగర్ పరీక్ష చేశారా ఎవరైనా?"

ఎవరూ చేయలేదు. చేయించుకోమని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికి దినపత్రిక జిల్లా డెస్కులో పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరింట్లో ఏ చావు జరిగినా ఎందుకు జరిగిందో, ఎవరు చెప్పారో, ఆ చెప్పినవాళ్లకి ఎలా తెలుసో విలేకరులను నిలదీసి అడగడం నా ఉద్యోగం. నా బిడ్డ పోతే దిష్టి అన్నారు. ఆ వార్తను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తీసుకున్నాను.

అది 2003. అప్పుడు తాడేపల్లిగూడెంలో అత్తవారింట్లో ఉండేవాళ్లం. రోజూ రైల్లో ఏలూరు ఆఫీసుకి వచ్చేదాన్ని. అత్తయ్య కట్టిచ్చే మూడు గిన్నెల క్యారేజీలో రెండు గిన్నెలు అన్నమే. ఆవిడ తమ్ముడికి గూడెంలో రైస్ మిల్లు. కడుపుతో ఉన్న కోడలి కంచంలో మల్లెపువ్వుల్లాంటి అన్నం కనబడకపోతే ఆ ఇంటికి మర్యాద కాదు. మండవల్లి దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చిందంటే సున్నుండల డబ్బా, జున్ను గిన్నె వచ్చేవి. ఐదో నెలలో చలిమిడి తెచ్చింది. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి ముద్ద చేసి, చీర, గాజులతో పాటు పుట్టింటివాళ్లు కూతురి ఒళ్లో పెడితే కడుపు చల్లగా ఉంటుందని మా వైపు నమ్మకం. తిన్నాను. వారం పాటు తిన్నాను. దాహం తీరేది కాదు. వేడి చేసిందన్నారు. పంచదార వేసిన బార్లీ నీళ్లు ఇచ్చారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఏడాదే మా మహిళల పేజీలో గర్భిణుల ఆహారం మీద ఒక వ్యాసం వస్తే, దానికి "ఇద్దరి కోసం తిను తల్లీ!" అని శీర్షిక పెట్టింది నేనే. బాగుందని మెచ్చుకున్నారు కూడా.

2006లో రెండోసారి. అప్పటికి అత్తయ్యతో సహా ఏలూరులో అద్దె ఇంటికి మారాం. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయిస్తున్న రోజులు. ఆ వార్తలతో డెస్కులో ఊపిరి సలిపేది కాదు. పరీక్షకి సెలవు అడిగితే మా ఇన్‌చార్జి కళ్లజోడు పైనుంచి చూసి, "ఇప్పుడా అమ్మా?" అన్నాడు, నేనేదో ముహూర్తం చూసి కడుపు తెచ్చుకున్నట్టు.

పరగడుపున ఒకసారి రక్తం తీశారు. గ్లాసుడు గ్లూకోజు నీళ్లు తాగించారు. గంటకోసారి చొప్పున ఇంకో రెండుసార్లు తీయాలి. వరండాలో బెంచీల మీద పదిమందిమి కూర్చున్నాం. పక్కన దెందులూరు నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో.

"ఏవండీ, మీరు ఎన్ని రోజుల నుంచి మానేశారండీ?" అంది.

"ఏం మానేయడం?"

"అన్నమండీ. నేనైతే మూడు రోజుల నుంచి మజ్జిగే. పోయిన నెల మా తోటికోడలు మామూలుగా తినేసొచ్చింది. షుగరన్నారు. ఇంట్లో పెద్ద గొడవైపోయింది. మనం జాగర్తగా రావాలి కదండీ!"

వెనక బెంచీ మీదున్న అత్తయ్య ఈ మాటలన్నీ వింది. నాకు షుగర్ ఉందని తేలింది, కానీ ఆ పిల్ల చెప్పిన ఉపాయం మాతోపాటు ఇంటికి వచ్చేసింది.

డాక్టరమ్మ అయిదు నిమిషాల్లో చెప్పింది. ఒకే తూకం తిండి తిన్నా, అన్నీ ఒకే వేగంతో రక్తంలో చక్కెర పెంచవు. పాలిష్ పట్టిన బియ్యం, ఇడ్లీ, మైదా తొందరగా పెంచుతాయి. పప్పులు, పీచున్న గింజలు, కూరగాయలు నెమ్మదిగా పెంచుతాయి. ఆ వేగానికి గ్లైసీమిక్ ఇండెక్స్ అని పేరు. అది తక్కువున్న తిండి తినాలి. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే అది బిడ్డకీ చేరుతుంది, బిడ్డ బలంతో కాకుండా కొవ్వుతో పెరుగుతాడు. తిండితో లొంగితే సరే, లేదంటే ఇన్సులిన్.

"లొంగకపోతే మళ్లీ..." అన్నాను.

"అలా జరగకుండానే కదండీ చూస్తున్నాం" అంది. జరగదని మాత్రం అనలేదు. ఆ తేడా నాకు తెలుసు. అధికారులు నోరు జాగ్రత్తగా వాడడం రోజూ చూస్తూనే ఉన్నాను.

చేతిలో ఒక జిరాక్స్ కాగితం పెట్టారు. ఎక్కడిదో పరాయి దేశానిది. ఓట్స్, రై రొట్టె, స్ట్రాబెర్రీలు, ఇంకేవో చిక్కుడు జాతులు. అందులో మా ఏలూరు మార్కెట్లో దొరికేది ఒక్క యాపిలే. బయట మందుల గది దగ్గర సువార్త సిస్టరు నా మొహం చూసి కాగితం లాక్కుంది. యాభై దాటిన మనిషి. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని ఇక్కడికొచ్చింది.

"ఇది డాక్టరమ్మగారు చదువుకోడానికండీ, మీరు తినడానికి కాదు. రాసుకోండి. పెసలు, బొబ్బర్లు, ఉలవలు. తోటకూర, గోంగూర, దొండకాయ. చేప ఎంతైనా తినండి, వేపుడు కాకుండా. దోరజామకాయ. చోళ్లు రొట్టె చేసుకోండి, అంబలి వద్దు, అంబలి తాగితే అన్నం తిన్నట్టే. దంపుడు బియ్యం దొరికితే చిన్న గిన్నెడు. ముందు కూర, పప్పు తినెయ్యండి. అన్నం చివర."

"చివరకి అన్నం మీద ఆశ ఉంటుందా సిస్టర్?"

"ఉండకూడదనే కదండీ!"

మేం అన్నంలో కూర కలుపుకునేవాళ్లం. కూరలో అన్నం కలుపుకోవడం అప్పుడు నేర్చుకున్నాను.

చెప్పుకుంటే రెండు వాక్యాలు. ఇంట్లో మాత్రం యుద్ధమే. చోళ్లు అనగానే అత్తయ్య మొహం మాడిపోయింది. చోళ్లంటే రాగులు, కూలికెళ్లేవాళ్లు తినేవి. "మా ఇంటి కోడలు చోడి రొట్టె తింటందని తెలిస్తే గూడెంలో తల ఎత్తుకోగలనా? మిల్లున్న ఇల్లమ్మా మనది!" అంది. ఆ మిల్లుకే ఫోను చేశాను. తవుడు పోకుండా పొట్టు మాత్రం తీసిన బియ్యం పాతిక కిలోలు కావాలన్నాను. మిల్లు మావయ్యగారు, అత్తయ్య తమ్ముడు, పగలబడి నవ్వారు.

"తవుడు మీకెందుకమ్మా? అది కొల్లేరు చేపలకి పంపేస్తాం. మీకు కావాలంటే చేపల్నే పంపుతాను."

అంత వరి పండే జిల్లాలో దంపుడు బియ్యం కోసం నెల రోజులు తిరిగాను. గింజ మీద ఉన్న మంచిదంతా చేపలు తిని బలిసేవి. మిగిలింది తిని మేం.

అత్తయ్యకి ఆవిడ శాస్త్రం ఆవిడకుంది. పాత బియ్యానికి షుగర్ ఉండదు. గంజి వార్చేస్తే ఉన్నదీ పోతుంది. కాబట్టి రెండేళ్ల పాత బియ్యం తెప్పించి, గంజి వార్చి, కంచం నిండా పెట్టేది. రాత్రికి డాక్టర్లు చెప్పినట్టే రెండు చపాతీలు. ఆ రెండూ తిన్నాక, చపాతీతో కడుపు నిండదు కదా అని ఇంత పెరుగన్నం. మా ఆయన తలెత్తకుండా తినేవారు. "అమ్మ బాధపడుతుంది. ఒక్క ముద్దకి ఏమవుతుంది?" అనేవారు. ఆయన మంచివారు. ఎవర్నీ నొప్పించరు. ఆ మంచితనం బరువంతా నా కంచంలో పడేది.

నేనేదో ఎదిరించానని చెప్పుకోవడానికి లేదు. పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష. ఆ తేదీకి మూడు రోజుల ముందు నుంచి పెసలు, కూరలు, మజ్జిగ. సాయంత్రాలు ఏలూరు కాలవ గట్టున నడక. పరీక్ష బాగా వచ్చేది. బాగా వచ్చిందని ఆ మధ్యాహ్నమే పప్పన్నం, ఆవకాయ, నెయ్యి. మళ్లీ పన్నెండు రోజులు ఎప్పటిలాగే. దెందులూరు పిల్ల చెప్పిన ఉపాయాన్ని అత్తయ్య, నేను ఇద్దరం కలిసి అమలు చేశాం. మేమిద్దరం ఒక మాట మీద నిలిచిన విషయం ఆ తొమ్మిది నెలల్లో ఇదొక్కటే.

ఆరో నెల చివర స్కానింగులో బయటపడింది. బిడ్డ పొట్ట నెలకి మించి పెరుగుతోంది. ఉమ్మనీరు ఎక్కువగా ఉంది. డాక్టరమ్మ నా పరీక్షల కాగితాలను, స్కానింగు రిపోర్టును పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. బయటికొచ్చాక సువార్త సిస్టరు బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"ఎన్ని రోజుల ముందు నుంచి కట్టేస్తున్నారండీ నోరు?"

నేను స్కానింగు కవరు మడత విప్పి, మళ్లీ మడిచాను.

"నన్ను మోసం చెయ్యండి, పర్లేదు. డాక్టరమ్మని చెయ్యండి. లోపలున్న బిడ్డ పరీక్ష రోజు ఒక్కటే తినదండీ. రోజూ తింటది."

అక్కడే ఏడ్చాను. పదిమందిలో. ఆవిడ నన్ను ఓదార్చలేదు. తన టిఫిన్ డబ్బా తెరిచి, ఉడకబెట్టిన బొబ్బర్లు సగం మూతలో పోసి నా ఒళ్లో పెట్టింది. "ముందు ఇవి తినండి. ఏడవడం ఎప్పుడైనా ఏడవచ్చు" అంది. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. అంత రుచిగల తిండి ఆ ఏడాది నేను తినలేదు.

ఆ రోజు నుంచి నా వంట నేనే వండుకున్నాను. సెలవు పెట్టేశాను. జీతం లేని సెలవే ఇచ్చారు. వేలిమీద సూదితో గుచ్చుకుని చూసుకునే మిషను తెప్పించాను. తిన్న రెండు గంటలకు చూసుకోవడం, రాసుకోవడం. పెసరట్టుకి ఒక అంకె, అదే పెసరట్టులో ఉప్మా పెడితే వేరే అంకె. పుస్తకాల కంటే ఆ మిషనే ఎక్కువ నేర్పింది. పొయ్యి రెండుగా చీలింది, ఇల్లు కూడా. అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. వాకిట్లో పూలమ్మే మనిషితో మాత్రం నాకు వినబడేలా అనేది: "కడుపుతో ఉన్న మనిషి పస్తులుంటంది. ఎవరైనా చూస్తే నేను పెట్టడం లేదనుకుంటారు."

ఏడో నెలలో అమ్మ వస్తానంది. ఫోనులో ముందే చెప్పాను. "చలిమిడి వద్దమ్మా. చీర, గాజులు తెచ్చుకో, చాలు." "సరేలే" అంది. ఆ గొంతులో సరే లేదు.

ఆదివారం పొద్దున్న అమ్మ, మా పెద్దమ్మ బస్సు దిగి వచ్చారు. కొల్లేరు గట్టు మీది దుమ్మంతా ఇద్దరి చీరల అంచుల మీద ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను అత్తయ్య పిలిచింది. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు. అప్పుడు అమ్మ సంచిలోంచి ఇత్తడి గిన్నె తీసి మూత తీసింది. ముదురు రంగు ముద్ద. పైన కొబ్బరి ముక్కలు.

"వద్దన్నాను కదమ్మా."

"ఒక్క ముద్ద నోట్లో వేసుకో అమ్మాయ్. ముందు నా మాట విను..."

"పుట్టింటి చలిమిడి కాదనకూడదే. బిడ్డకి మంచిది కాదు" అని పెద్దమ్మ అందుకుంది.

బిడ్డకి మంచిది కాదు. ఆ మాటతో నాలో ఏదో తెగింది.

"పోయినసారి మీ మాటే విన్నాను. విని, తిని, వాణ్ణి చంపుకున్నాం. ఈసారి దీన్నీ చంపమంటావా అమ్మా?"

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది. పక్కింటావిడ కొంగు సర్దుకుని లేచింది. ఏం చేయాలో తోచకో ఏమో, అత్తయ్య గిన్నెలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. ఆవిడ మొహం మారింది.

"వదినగారూ, ఇది బియ్యప్పిండి కాదే!"

"చోళ్లండీ వదినగారూ" అంది అమ్మ, నావైపు చూడకుండా. "అమ్మాయి చోళ్లే తింటందని మీరే కదండీ ఫోన్లో చెప్పారు. మా ఊళ్లో దొరకలేదు. కైకలూరు నుంచి తెప్పించి, నానబెట్టి దంచాను. బెల్లం సగమే వేశాను."

ఇక్కడ నేను లేచి ఆ చేతిలోది తిన్నానని రాయగలిగితే బాగుండేది. తినలేదు. సగం బెల్లమైనా బెల్లమే అనుకున్నాను. చిటికెడుతో ఏమీ అయ్యేది కాదని నాకు తెలుసు. అయినా తినలేదు. అమ్మ గిన్నెకి మూత పెట్టి సంచిలో పెట్టుకుంది. భోజనానికి ఉండమని అత్తయ్య ఎంత బతిమాలినా ఉండలేదు.

చివరి నెలన్నర తిండితో పాటు కాస్త ఇన్సులిన్ కూడా కావాల్సివచ్చింది. తిండి ఒక్కటే చాలదా అంటే, కొందరికి చాలుతుంది, నాకు చాలలేదు. ఈ తిండి మంత్రం కాదు. కానీ స్కానింగులో బిడ్డ పొట్ట పెరుగుదల నెమ్మదించడం నేను కళ్లారా చూశాను. ఎనిమిదో నెల దాటాక కదలికలు లెక్కపెట్టడమే నా పని. గంట సేపు కదలకపోతే ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని. మూడుసార్లు అలా వెళ్లాను. మూడుసార్లూ సువార్త సిస్టరు గుండె చప్పుడు వినిపించి, "పడుకుందండీ మీ బిడ్డ. దాన్నేనా పడుకోనివ్వండి" అని పంపించింది.

గడువు దాకా ఆగకుండా రెండు వారాల ముందే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. పుట్టగానే మడమ గుచ్చి చక్కెర చూశారు. సరిగానే ఉంది. ఏడ్చింది. గట్టిగా ఏడ్చింది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్లకి మాత్రం చాలలేదు. "మొదటివాడు ఎలా ఉండేవాడు! ఇదేంటి, పిల్లి పిల్లలా ఉంది" అంది ఒకావిడ. "తల్లి నోరు కట్టుకుంటే పిల్లెలా ఎదుగుద్దండీ" అంది ఇంకొకావిడ. చచ్చి పుట్టిన నాలుగు కిలోల బిడ్డ, బతికి ఏడుస్తున్న ఈ బిడ్డ కన్నా వాళ్ల కళ్లకి నిండుగా కనిపించాడు. అత్తయ్య వాళ్లకి కాఫీలు ఇస్తూ, "ఏం చేస్తామండీ, డాక్టర్ల తిండి" అంది. పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని ముద్దాడింది కూడా. రెండూ నిజమే.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మని అడిగాను, మొదటివాడు చలిమిడి వల్లే పోయాడా అని.

"చలిమిడి తింటే షుగర్ రాదండీ. మీకు వచ్చింది, ఎవరూ పరీక్ష చేయలేదు. చేయాల్సింది మేము, మీ అమ్మగారు కాదు. అయినా ఆ బిడ్డ అందుకే పోయాడని కూడా ఇప్పుడు ఎవరూ తేల్చలేరు" అంది.

ఆ మాటలు ఒక్క అక్షరం పోకుండా మోసుకెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ పిల్లకి నూనె రాస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఆ రోజు కోపంలో అన్నావు. ఇవాళ జాలితో చెప్తున్నావు. ఇందులో ఏది నిజమో నాకెలా తెలుస్తదమ్మా?"

ఇది రాస్తున్నది 2009లో. పోయిన ఏడాది నాకు షుగర్ తిరిగొచ్చింది, ఈసారి కడుపు లేకుండానే. వస్తుందని ముందే చెప్పారు. ఇప్పుడు మార్కెట్లో దంపుడు బియ్యం పొట్లాల్లో దొరుకుతోంది. ఈ పేజీ చదివేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఉంటే, షుగర్ పరీక్ష చేయించమని నోరు తెరిచి అడగండి. పరీక్ష కోసం నోరు కట్టుకుని వెళ్లకండి. మీ ఇంట్లోవాళ్లు ప్రేమతో పెట్టేదాన్ని వద్దనాల్సి వస్తే, అది తిండి గురించే అని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి. నాకు అది చేతకాలేదు.

పోయిన వారం అమ్మ వచ్చింది. పిల్లకి మూడేళ్లు నిండవస్తున్నాయి. అమ్మమ్మ సంచిలో చక్కెరకేళి పళ్లు చూసి, "నాకూ నాకూ" అంటూ ఒళ్లో ఎక్కింది. అమ్మ ఒక పండు వలిచింది. వలిచి, పిల్ల నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, నావైపు చూసింది. కలెక్టరాఫీసు వరండాల్లో అర్జీలు పట్టుకుని నిలబడేవాళ్లు అలా చూడటం చూశాను.

"పెట్టమ్మా, దానికేం? తినొచ్చు" అన్నాను. రెండుసార్లు అన్నాను.

అమ్మ ఆ పండు నా చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టమ్మా" అంది.